గొంగడి పోగు చిక్కుకున్న ముల్లు

మొన్నటి ముసురులో, వికారాబాద్‌లోని మా ఇంటి ముందుగదిలో, మైక్రోస్కోప్ కింద పెట్టిన ఒక నల్లటి పోగు మీద నీటిచుక్క వేశానో లేదో, తడిసిన గొంగడి వాసన గుప్పుమంది. అంత చిన్న పోగుకు నిజంగానే వాసన ఉందో, నా ముక్కే పాతదాన్ని గుర్తుచేసుకుని మోసం చేసిందో చెప్పలేను గానీ, గొర్రెబొచ్చు, చింతగింజల గంజి, పొయ్యి పొగ మూడూ కలిసిన ఆ వాసనకు నేను పనిముట్లు కిందపెట్టి, నలభై ఏళ్లు వెనక్కి, తాండూరుకు వెళ్లిపోయాను.

నా పని రికార్డు ప్లేయర్ల కార్ట్రిడ్జ్‌లు బాగుచేయడం. రికార్డు మీద వాలే చేతికి చివర బొటనవేలి గోరంత పెట్టె ఒకటుంటుంది చూడండి, అదే. దాని కింద గుండుసూది కన్నా సన్నటి కాడ, ఆ కాడ కొసన కంటికి ఆనని వజ్రపు మొన, లోపల అయస్కాంతం, వెంట్రుక కూడా లావే అనిపించేంత సన్నటి తీగచుట్టలు. మా వైపువాళ్లు ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారని, మొత్తాన్నీ కలిపి ముల్లు అనేస్తారు. ఆ రోజు నా ముందున్నది ఎంతో ఖరీదైన ముల్లు, తయారీ ఆగిపోయి చాలా కాలమైన రకం. దాని కాడ పక్కకు వంగిపోయి, చుట్టూ నల్లటి పోగొకటి చిక్కుకుని ఉంది, నేను తడిపింది ఆ పోగు తునకనే. తెచ్చినాయన తాండూరు నుంచి వచ్చిన ప్రకాశ్. పేరు చెబితే గుర్తుపట్టలేదు గానీ, రైల్వే గేటు దాటాక ఎర్ర గేటున్న ఇల్లని చెప్పగానే నా ఒళ్లు ఝల్లుమంది. అది బండల సేటు ఇల్లు. ఈయన ఆ సేటు కొడుకు. మా అమ్మ మల్లమ్మను ఆ ఇంటి హాల్లోకి రావొద్దన్నది ఇలాంటి వంగిన ముల్లు వల్లే.

అప్పటి తాండూరు గురించి చెప్పాలంటే ముందు దాని రంగు చెప్పాలి. నాపరాళ్ల పాలిషింగ్ మిషన్ల నుంచి వచ్చే బూడిదరంగు నీళ్లు మోరీల్లో పారుతూ ఉండేవి, ఎండాకాలం అవే ఎండి పిండిలా లేచి చెట్లమీద, సైకిళ్లమీద, మా నాయన కనుబొమ్మల మీద కూర్చునేవి. మా నాయన సేటు మిషన్‌లో బండలు నునుపు చేసేవాడు, సాయంత్రం ఇంటికొస్తే స్నానం అయ్యేదాకా ఆయనెవరో పోల్చుకోవడం కష్టంగా ఉండేది. మాకు బండలకు కొదవలేదు, కూర్చోవడానికి బండ, బట్టలుతకడానికి బండ, గోడకూ బండే. నున్నటి ముక్కలు ఏరుకొచ్చి కచ్చకాయలాడేవాళ్లం. కంది పంట చేతికొచ్చే రోజుల్లో వీధంతా పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడికించిన వాసనే, సరుకుతో సరిహద్దు అవతల నుంచి వచ్చినవాళ్ల కన్నడం, మా తెలుగు, సేటు లెక్కలు రాసే మునీంల ఉర్దూ అన్నీ కలిసి మార్కెట్ గోల గోలగా ఉండేది. బతుకమ్మ నాడు అమ్మ చపాతీలు నలిపి బెల్లం కలిపి చేసిన మలీద ముద్దల కోసం మేం ఆ పూలు నీళ్లలో కలిసేదాకా కూడా ఆగేవాళ్లం కాదు, నేనైతే ఒక ముద్ద ముందే ఓణీ కొంగులో దాచేదాన్ని.

మేం గొర్రెల కాపరుల ఇంటివాళ్లం. మా నాయన బండల పనిలోకి పోయినా, తాత బంట్వారం దగ్గర మంద వదల్లేదు. బొచ్చు కత్తిరించిన రోజుల్లో అమ్మ అక్కడికి వెళ్లి ఉన్ని వడికేది, తాత గొంగడి నేసి చింతగింజల గంజి పట్టించేవాడు. మా ఇంట్లో ఏది కాపాడాలన్నా దాని మీద గొంగడి కప్పాల్సిందే. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మీద గొంగడి, జ్వరమొచ్చిన నా మీద గొంగడి, వాన పడితే కందుల కుప్ప మీదా గొంగడే. అమ్మ గొంగడికి ఒక మూల ఎర్రదారంతో చిన్న చేపముల్లు కుట్టు ఉండేది, పదిమందివి కలిసినప్పుడు తనది తప్పిపోకుండా.

ఇక అమ్మకు వీధిలో పేరు తెచ్చింది ముల్లు తీయడం. అప్పట్లో మా కాళ్లకు చెప్పులెక్కడివి? రోజుకొకడు కుంటుకుంటూ వచ్చేవాడు. అమ్మ ముల్లును తాకేదే కాదు ముందు. "ఎటు దిక్కు నడుస్తుంటే ఇరిగింది?" అని అడిగేది. వాడు ఏడుస్తూ చెయ్యి చూపించేవాడు. అది ఏ దారిన దిగిందో ఆ దారినే వెనక్కి రావాలని అమ్మ లెక్క, అడ్డంగా కెలికితే లోపలే విరుగుతుంది. చుట్టూ బొటనవేలితో ఒత్తి, ఒక చుక్క జిల్లేడు పాలు పెట్టి, మెత్తబడ్డాక తుమ్మముల్లు మొనతో ఎత్తేది. వాడు కేక వేయడానికి నోరు తెరిచేలోగా పని అయిపోయేది, తెరిచిన నోట్లో బెల్లంముక్క పడేది.

అంత చూపు, అంత చెయ్యి ఉన్న మనిషి కాబట్టే సేటమ్మ పప్పు చెరగడానికి అమ్మనే పిలిచేది. అమ్మ చేటలో రాయి మిగలడమనేది లేదు. నేను వరండాలో కందికాయలు వలుస్తూ కూర్చునేదాన్ని, కానీ నా చెవులు మాత్రం హాల్లో ఉండేవి. అక్కడ బల్ల మీద సేటు బొంబాయి నుంచి తెచ్చిన రికార్డు ప్లేయర్ ఉండేది. పాట మొదలయ్యే ముందు వచ్చే ఆ చిన్న చిటపట నాకు పాట కన్నా ఇష్టం. అమ్మకూ ఇష్టమే, పాట వస్తుంటే ఆమె చేట దానికి తగ్గట్టే ఆడేది, అడిగితే మాత్రం "నాకెందుకే గవన్ని" అనేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఇలాంటి ముసురులోనే, సేటు రికార్డు మీద ముల్లు అలాగే వదిలేసి మిషన్ దగ్గరికి వెళ్లాడు. సేటమ్మ పెరట్లో ఉంది. గాలి తిరిగి కిటికీలోంచి జల్లు కొట్టసాగింది. అమ్మ పరుగున వెళ్లి, కిటికీ రెక్క బిగుసుకుపోయి రాకపోతే, భుజాన ఉన్న గొంగడి తీసి ఆ పాటలపెట్టె మీద కప్పింది. వాన వెలిశాక రెండు చేతులతో జాగ్రత్తగానే ఎత్తింది. కానీ గొంగడి బొచ్చు ముల్లును పట్టుకుంది. టక్కుమని ప్లేయర్ చేయి లేచింది, పడింది, ముల్లు వంగింది.

సేటమ్మ వచ్చి చూసింది. "గొర్లు కాసేటోళ్లకు గీ పెట్టెల సంగతి ఏం దెలుస్తది? నిన్నెవరు ముట్టుమన్నరు?" అని అరిచింది.

అమ్మ భయపడలేదు, సిగ్గుపడింది. "జర ఆగుర్రి అమ్మా, గా ముల్లు వంగింది గంతే, ఇరగలే. నేను సక్కగ జేస్త," అంది.

సేటమ్మ నవ్వింది, వెనకే వచ్చిన మునీం నవ్వాడు. ఆ ముల్లు చెత్తలోకి పోయింది, హైదరాబాదు నుంచి కొత్తది వచ్చింది. ఆ రోజు నుంచి అమ్మకు పప్పు చెరిగే పని వెనక గుమ్మం దగ్గరే. హాల్లోనే వదిలేసిన గొంగడి కోసం కూడా మళ్లీ లోపలికి వెళ్లలేదు, అడగనూ లేదు. తిట్టినందుకు కాదు ఆమె బాధ, చేస్తానన్న పని చేయనివ్వలేదని. ఎన్నో ఏళ్లు, ఏ మాట మీద మాట వచ్చినా, "ఇస్తే నేను సక్కగ జేద్దును" అనేది. చిన్నప్పుడు నాకు విసుగొచ్చేది. పెద్దయ్యాక ఆ మాటే నా బతుకుదెరువైంది, హైదరాబాదులో గడియారాల దుకాణంలో నేను భూతద్దం పట్టుకోవడం నేర్చింది, ఆ తర్వాత ఈ ముళ్ల పనిలోకి దిగింది ఆ మాట పట్టుకునే.

ఇప్పుడు ప్రకాశ్ నా ఎదురుగా కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "ఎట్ల వంగింది సార్?" అన్నాను. "ఏమో మేడం, దానంతటదే," అన్నాడు. నేను లెన్స్ ఆయన వైపు తిప్పి నల్లటి పోగు చూపించాను. కాసేపు చూసి, తల గోక్కున్నాడు. "ఇంట్ల ఒక పాత గొంగడుండె. దుమ్ము పడొద్దని కప్పిన. పిల్లలు గూడ నవ్విన్రు." నేను నవ్వలేదు, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. "ఎటు దిక్కు గుంజిన్రు?" అని అడిగాను. ఆయన చెయ్యి కుడి నుంచి ఎడమకు లాగి చూపించాడు, అచ్చం మా వీధి పిల్లల్లాగే.

మూడు రోజులు పట్టింది. పోగు కాడ చుట్టూ రెండు చుట్లు తిరిగి, కొస తీగచుట్టల సందులోకి దూరింది. స్టీలు పట్కారు దగ్గరికి తెస్తే లోపలి అయస్కాంతం లటుక్కున లాగుతోంది, ఒక్కసారి తగిలితే అంతా నుజ్జే. ఇత్తడిది జారిపోతోంది. రెండో రోజు పక్కన కూర్చుని కందికాయలు వలుస్తున్న అమ్మ, డెబ్బై దాటినా చూపు తగ్గని అమ్మ, "గా ఇనుమెందుకే, తుమ్మముల్లు ల్యాదా?" అని లేచి, గొడుగేసుకుని రైలుపట్టాల పక్కకు వెళ్లి గుప్పెడు తెచ్చింది. నేను బాగుచేస్తున్న కార్ట్రిడ్జ్ ఎవరిదో ఆమెకు ఇంకా చెప్పలేదు. ఒక ముల్లు మొన చెక్కి, పోగును వచ్చిన దారినే, ఎడమ నుంచి కుడికి, విప్పుకుంటూ వచ్చాను. తర్వాత ఒక ముల్లుతో కాడ మొదలు కదలకుండా ఆనించి, ఇంకో ముల్లుతో వంపు దగ్గర నెట్టడం, ఆగడం, మళ్లీ నెట్టడం. ఎక్కువైతే అల్యూమినియం కాడ చీలుతుంది, తక్కువైతే పాట పక్కకు పోతుంది. మూడో రోజు మధ్యాహ్నం కాడ నిటారుగా నిలిచింది. మీటరు పెడితే రెండు చుట్టలూ ప్రాణంతో ఉన్నాయి. అప్పుడు చెప్పాను అమ్మకు ఇది ఎవరిదో. ఆమె చేతిలోని కందికాయలు పక్కన పెట్టింది. "నేనూ వస్త," అంది.

రైలులో తాండూరు చేరాం. ఎర్ర గేటు ఇప్పుడు నీలం రంగు వేసుకుంది. అమ్మ అలవాటు కొద్దీ వెనక గుమ్మం వైపు తిరిగింది. నేను చెయ్యి పట్టుకుని ముందు నుంచే తీసుకెళ్లాను. హాల్లో సేటమ్మ చక్రాల కుర్చీలో ఉంది. మమ్మల్ని చూసి, "ఎవరు బిడ్డా గీమె?" అని కొడుకునడిగింది. సేటమ్మకు ఆ ముసురు రోజు అసలు గుర్తే లేదు. అమ్మ నా వైపు చూసింది, ఆ చూపులో కోపం లేదు, కొంచెం ఆశ్చర్యం ఉంది.

ముల్లు బిగించాను, కోణం సరిచూశాను. తర్వాత పక్కకు జరిగాను. "నువ్వు పెట్టమ్మా," అన్నాను. ప్రకాశ్ మీట నొక్కాడు, రికార్డు తిరగసాగింది. అమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని, ప్లేయర్ చేతిని ఎత్తి, రికార్డు అంచున వాల్చింది. ముందు ఆ చిటపట. తర్వాత పాట, రెండు వైపుల నుంచీ సమానంగా, గది నిండా, ఎక్కడా బొంగురు లేకుండా. నాకు కళ్లు నిండిపోయాయి. ప్రకాశ్ చప్పట్లు కొట్టాడు. సేటమ్మ కూడా తలూపింది.

"నేను జెప్పలే?" అంది అమ్మ, ఎవరినీ చూడకుండా. "వంగితే సక్కగ జెయ్యొచ్చని."

అప్పుడు చూసింది కుర్చీ వెనక మడిచి ఉన్న గొంగడిని. దగ్గరికి వెళ్లి మూల తిప్పింది. ఎర్రదారం చేపముల్లు కుట్టు, రంగు వెలిసినా, అలాగే ఉంది. "గిది నాది," అంది, అంతే. ప్రకాశ్ రెండు చేతులతో తీసి ఇచ్చాడు.

ఇప్పుడు బంట్వారంలో మా వాళ్లెవరూ గొంగళ్లు నేయడం లేదు. తాత మగ్గం ఎప్పుడో పొయ్యిలోకి పోయింది. పిల్లల కాళ్లకు చెప్పులు ఊడవు కాబట్టి ఎటు దిక్కు నడిచావని అడిగేవాళ్లూ లేరు, మా వీధి కచ్చకాయల బండముక్కలు ఎవరి నేలలో కలిసిపోయాయో. పోయినవి పోయాయి. ఆ మధ్యాహ్నం మాత్రం మా అమ్మ బండల సేటు హాల్లో, సోఫా మీద, మోకాళ్లపై తన గొంగడి కప్పుకుని, పాట అయ్యేదాకా దర్జాగా కూర్చుంది. అయ్యాక ప్రకాశ్ వైపు తిరిగి, "కొడుకా, ఇంకో పక్క గూడ ఎయ్యి," అంది.

ఆయన లేచి, రికార్డు తిప్పి వేశాడు.