తొక్కు కలిపే చెయ్యి

మా చెల్లె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను మంఖాల్‌లో టమాట తోటకు నీళ్లు పెడుతున్నాను. మేనకోడలు ఏడుస్తూ ఒక్క మాటే చెప్పింది. "మామా, అమ్మ తొక్కు కలుపుకుంట కలుపుకుంటనే కూలబడ్డది." నేను శంషాబాద్ చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. కుడి చేతికి మోచేతిదాకా కారం, పసుపు. కడగడానికి ఎవరికీ మనసొప్పలేదు. నేనే కడిగాను.

ఆమె నాకంటే చాలా చిన్నది. పోవాల్సిన వరసలో నేను ముందున్నాను.

ఇప్పుడు రాసేది ఆడవాళ్ల సంగతి. ముసలోడికి ఇదెందుకు అనేవాళ్లు అనుకోండి. నాకు చదువు తక్కువ, సిగ్గు అంతకంటే తక్కువ.

మా చెల్లెకు నలభై నిండకముందే నెలసరి ఆగిపోయింది. మా వైపు ముట్టులో ఉన్నవాళ్లు తొక్కు తాకరు, చెడిపోతుందని. ఏ రోజైనా అడ్డులేని చెయ్యి దొరికిందని ఎండాకాలం రాగానే వీధి వీధంతా మామిడికాయలు తెచ్చి ఆమె వాకిట్లో పోసేది. "నీ అదృష్టం అక్కా, గింత తొందరగ పీడ పోయింది" అనేవాళ్లు. ఆమె నవ్వేది. "సర్కారు నౌకరోళ్ల కన్న ముందే నాకు రిటైర్మెంట్ ఇచ్చిండు దేవుడు. పింఛనే ఇయ్యలె."

నా ఇంటిది పోయినప్పటి నుంచి చెల్లె నా ఇంట్లో తొక్కు జాడీ ఖాళీ కానివ్వలేదు. తను రుచి చూడనిది ఎవరికీ పెట్టేది కాదు.

పక్కన విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి ఇంకో అలవాటయింది. విమానం నెత్తిమీదుగా పోతే చాలు, తొక్కు గిన్నె మీద కొంగు కప్పేది.

"దాని మసి పడితే తొక్కు ఖరాబైతదన్నా."

"గంత పైకెల్లి మసి పడ్తదా, పిచ్చిదానా?"

"నువ్వు పోయి చూసొచ్చినవా?"

నా నోరు మూయించగలిగిన మనిషి అదొక్కతే.

పోయిన చలికాలం నుంచి ఆయాసపడేది. నాలుగు కాయలు కొట్టగానే దవడ గుంజుతుందని, వీపు పట్టేసిందని ఆగేది. గ్యాస్ అని వాము నమిలేది. చివరికి నేనే తిట్టి రాజేంద్రనగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అన్నీ అడిగి, "నెలసరి ఎప్పుడు ఆగిందమ్మా?" అంది. చెల్లె గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్నది ఆపింది.

"అది అదృష్టం కాదమ్మా. అంత చిన్న వయసులో ఆగితే గుండెకు ముప్పు పెరుగుతుంది. అందరికీ వస్తుందని కాదు. కానీ బీపీ, షుగర్, కొవ్వు అప్పటినుంచే చూపించుకుంటూ ఉండాలి. ఈ దవడ నొప్పి గ్యాస్ కాకపోవచ్చు. ఇవాళే పెద్ద దవాఖానకు పోండి."

బయటికి రాగానే చెల్లె మొండికేసింది. "కాయలు కోసిపెట్టి వచ్చినన్నా. నల్లబడ్తయి. అయ్యి కలిపి రేపు పోదాం."

"కాయలు మన్నుల పోనీ. నడువు."

"మంది కాయలన్నా, మనయి గావు. మన్నుల ఎట్ల పోస్తం?"

ఇంటికి పోయే ఆటో ఎక్కి కూర్చుంది. తెల్లారి ఆ ఫోన్ వచ్చింది.

అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. తోటకు బయలుదేరుతాను, సగం దారిలో తిరిగొస్తాను. దినాలయ్యాక చెల్లె ఇంట్లో ఉండగానే పక్కింటామె గంపెడు కాయలతో వచ్చింది. మేనకోడలి ముందు దించి, "తల్లి చెయ్యే బిడ్డకు వచ్చింది. నీకు గూడ ఆగిందంట గద, ఇగ నువ్వే కలుపు బిడ్డా" అంది, ప్రేమగానే. మేనకోడలికి ఇంకా నలభై లేవు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"గంప ఎత్తుకోమ్మా" అన్నాను. "ఒక్కదాన్ని పోగొట్టుకున్నం, సాలు."

"గట్ల అంటరా మామా?" మేనకోడలు నొచ్చుకుంది.

"అంట. చెప్పులేసుకో."

"నాకేమైంది? మంచిగనే ఉన్న."

"మీ అమ్మ గూడ గట్లనే అన్నది."

మీ ఇళ్లలో కూడా ఇట్లాంటి చెయ్యి ఉంటుంది. మెచ్చుకునే ముందు దవాఖానకు తీసుకుపోండి.

దవాఖానలో గుండె పరీక్షకు గాజులు తీయమన్నారు. మేనకోడలు తీసి నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. బల్లమీద కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. తలుపు తెరుచుకోలేదు. విమానం ఒకటి దవాఖాన మీదుగా చాలా కిందికి దిగుతూ పోయింది. నా రెండో చెయ్యి దానంతటదే వచ్చి గాజులను కప్పేసింది.