నలుగురైన మా నాయిన

ఎనభైల నడుమ నేను హన్మకొండలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా పనిచేశాను. మా గదికి ఒకటే కిటికీ, దానికి ఇనుప జాలీ. తలుపు మీద 'అనుమతి లేనిదే లోనికి రాకూడదు' అని రాసిన అట్టముక్క. ఆ తలుపుకు గొళ్ళెం ఊడిపోయి చాలా కాలమైంది కాబట్టి గాలి కొడితే దానంతట అదే తెరుచుకునేది. లోపల నేను, నా తెలుగు టైపు మిషను, ఒక బీరువా, మా సూపరింటెండెంటు సారు. ఆయన పరకాల మనిషి. ఏ కాగితం వచ్చినా ముందు వెనక్కి తిప్పి చూసేవాడు. వెనక ఏమీ లేదని తేలాకే స్థిమితంగా ముందు చదివేవాడు.

దేశంలో ఎక్కడో ఒకచోట బాంబు పేలిందని రేడియోలో తరచుగా వినే రోజులవి. ఒక ఏడు ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, అక్కడినుంచి మాకు ఒక ఉత్తర్వు వచ్చింది. ఒక శాఖకు తెలిసింది ఇంకో శాఖకు తెలియకపోవడం వల్లే ఉగ్రవాదులు తప్పించుకుంటున్నారట. ఇకనుంచి అన్ని శాఖలూ తమ కంటబడిన అనుమానాస్పద విషయాలను పంచుకోవాలి, నెలనెలా వాటిని ఒకచోట చేర్చాలి. ఆ ఒకచోటు మా గది అయింది. ఆ ఉత్తర్వును స్టెన్సిల్ కొట్టింది నేనే. కొడుతున్నప్పుడు, మంచి మాటే చెప్పారనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

మాకు కాగితాలు పంపేవి నాలుగు శాఖలు. పేర్లెందుకు, ఒకటి అడవులు చూసేది, ఒకటి సారా చూసేది, ఒకటి రైళ్లు చూసేది, ఇంకొకటి మనుషులను చూసేది. మొదటి నెల నాలుగు కవర్లూ లక్క సీళ్లతో వచ్చాయి. ఒకటి విప్పితే లోపల ఇంకో కవరు, దానికీ సీలు. చివరికి దొరికిన కాగితంలో ఒకే వాక్యం ఉంది: 'ఒక వ్యక్తి ఒక ఊరినుండి మరొక ఊరికి ఒక వస్తువుతో వెళ్లినట్లు తెలియవచ్చినది.'

సారు ఆ శాఖకు ఫోను చేశాడు.

"ఏ వ్యక్తి సార్? ఏ ఊరు?" అని అడిగాడు.

అవతలి గొంతు నాకు కూడా వినిపించింది. "అది చెప్తే మాకు చెప్పినోడు ఎవడో బయటపడడా?"

"మరి ఏం పంచుకున్నట్టు సార్?"

"కాగితం పంపినం గదా," అని పెట్టేశారు.

నాలుగు కాగితాలూ కలిపి నేను హైదరాబాదుకు టైపు చేశాను. ఒక వ్యక్తి, మరొక వ్యక్తి, వేరొక వ్యక్తి, ఇంకొక వ్యక్తి. పై నుంచి చీవాట్లు వచ్చాయి. దాంతో రెండో నెల ప్రతి శాఖా కొంచెం కొంచెం విప్పింది.

అడవులు చూసేవాళ్లు రాసింది: వారానికొకసారి ఒక వ్యక్తి సైకిలు మీద ఎండిన టేకు ముక్కలతో పరకాల వైపు వెళ్తాడు. సైకిలు ఎడమ పెడలుకు రబ్బరు లేదు, పచ్చగుడ్డ చుట్టి ఉంది. సారా చూసేవాళ్లు రాసింది: పాలంపేట దగ్గర ఒక వ్యక్తి వద్ద స్పిరిట్ సీసా ఉంది. అతను తాగడు, అమ్మడు, అందువల్ల అనుమానం ఎక్కువగా ఉంది. రైళ్లు చూసేవాళ్లు రాసింది: ఒక వ్యక్తి కాజీపేటలో బరువైన చెక్కపెట్టెతో రైలెక్కి రఘునాథపల్లిలో దిగుతాడు. పెట్టె కింద పెట్టినప్పుడు లోపలినుంచి మూలుగు వస్తుంది. మనుషులను చూసేవాళ్లు రాసింది: ఒక వ్యక్తి ఊరిచివరి గదుల్లో తలుపు వేసుకుని గంటల తరబడి ఒకే శబ్దం చేస్తాడు. అది సంకేతం కావచ్చు. ఆ శబ్దం ఆగగానే జనం గుమిగూడుతారు.

పచ్చగుడ్డ దగ్గరే నా చేతులు ఆగిపోయాయి. అది నా పాత రవికె గుడ్డ. పెడలుకు చుట్టింది నేనే.

మా నాయిన క్రైస్తవ మిషన్ బడిలో వడ్రంగిగా పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ఉండగానే హార్మోనియం బాగుచేయడం నేర్చుకున్నాడు. అమ్మ పోయాక ఇంట్లో కూర్చోలేక ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. పల్లెల్లో చర్చి ఉన్నచోటల్లా ఒక హార్మోనియం ఉంటుంది, దానికి ఏదో ఒక జబ్బు ఉంటుంది. భజన మండళ్లవాళ్లు కూడా పిలిచేవాళ్లు. పెట్టె విరిగితే టేకు ముక్క అతికించేవాడు, స్పిరిట్‌లో లక్క కరిగించి పాలిష్ పెట్టేవాడు. ఊళ్లో కుదరకపోతే గాలితిత్తితో సహా ఇంటికి మోసుకొచ్చి, బాగుచేసి రైల్లో తిరిగి తీసుకెళ్లేవాడు; పెట్టె కింద పెడితే తిత్తిలోని గాలి మూలిగేది. శ్రుతి చేసేటప్పుడు ఒకే మెట్టు నొక్కి పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. చుట్టూ చప్పుడు ఉండకూడదని తలుపు వేసుకునేవాడు. పని అయ్యాక జనం పాడుకోవడానికి వచ్చేవాళ్లు.

నవ్వు రావలసిన మాటే. కానీ నాకు నవ్వు రాలేదు. మా వాడలో ఒకాయన పేరు ఏదో కాగితంలో తప్పుగా పడింది. మూడు రోజులు ఆయన ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకు తెలియలేదు. తిరిగి వచ్చాక ఆయన గడప దాటడం మానేశాడు. కాగితం మీద పడ్డ మాట మనిషిని ఏం చేస్తుందో టైపిస్టును కాబట్టి నాకు ఇంకా బాగా తెలుసు.

సారు బల్ల దగ్గరికి వెళ్లాను.

"సార్, ఈ నలుగురు ఒక్కరే."

"ఏ నలుగురు?"

"నేను టైపు చేసినోళ్లు సార్."

"అమ్మా, నీ డ్యూటీ టైపు చేసుడు. చదువుడు గాదు."

"ఆయన మా నాయిన సార్."

సారు కాగితం వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. "రాసియ్యి," అన్నాడు.

రాసిచ్చాను. ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చెప్పినవని రాస్తే, నీకెట్ల తెలిసిందంటరు. టైపు చేస్తుంటే తెలిసిందంటే, రహస్యం చదివినవంటరు. నీ నౌకరి పోతది, మీ నాయిన సంగతి ఎవరు పట్టించుకోరు. 'నమ్మదగిన వర్గాలు' అని పెట్టు."

అలా 'నలుగురు వ్యక్తులూ ఒక్కరేనని నమ్మదగిన వర్గాల ద్వారా తెలియవచ్చినది' అని పంపాం. పదిరోజులకు పై నుంచి అది తిరిగి మా దగ్గరికే వచ్చింది. దారిలో ఎవరో మళ్లీ టైపు చేసినప్పుడు ఒక్క అక్షరం మారింది. 'నలుగురు వ్యక్తులూ ఒక్కటేనని' అని ఉంది. దాని కింద ఎర్రసిరాతో, 'నలుగురు సభ్యుల ముఠా, వెంటనే ఉమ్మడి సమావేశం జరపండి' అని రాసి ఉంది.

ఇంట్లో చెప్పడానికి లేదు, రహస్యం కాపాడతానని సంతకం పెట్టి ఉన్నాను. ఆ మంగళవారం పొద్దున నాయిన సైకిలు తుడుస్తుంటే పక్కన నిలబడ్డాను.

"నాయినా, ఈ వారం పరకాలకు పోకు."

"ఎందుకు బిడ్డా?"

"ఎండ ఉన్నది."

"వానకాలంల ఎండేంది?" అని ఆకాశం చూసి, నా మొహం చూసి, "పానం బాగలేదా?" అని అడిగి వెళ్లిపోయాడు.

నాకు తోచింది ఒక్కటే. ఆయన వచ్చాక పచ్చగుడ్డ విప్పేసి, కొత్త పెడళ్లు వేయించాను. మరుసటి నెల అడవులు చూసేవాళ్ల కాగితం వచ్చింది. పచ్చగుడ్డ సైకిలు వ్యక్తి పరారీలో ఉన్నాడట. అతని స్థానంలో కొత్త పెడళ్ల వ్యక్తిని ముఠా నియమించుకుందట.

సమావేశం నాడు మినిట్స్ రాసుకోవడానికి నన్ను కూర్చోబెట్టారు. పెద్ద అధికారి గుంటూరు వైపు ఆయన, మర్యాదగా మాట్లాడతాడు. ముందు ఎవరు చదవాలన్న దాని మీద అరగంట గడిచింది. ముందు చదివినవాడి సమాచారం మిగతావాళ్లు వినేస్తారు కదా అని అందరి భయం. చివరికి వంతులవారీగా చదివారు, ఎవరి కాగితం వాళ్లు ఎడమచేత్తో మూసుకుని. సారా చూసే శాఖ అధికారి రాలేదు, తన బదులు ఒక గుమాస్తాను పంపాడు. ఆయనకు కూర్చునే అధికారం ఉంది గానీ చదివే అధికారం లేదట. సీలు విప్పకుండా కవరును బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"సరే, నలుగురినీ ఒకేసారి రఘునాథపల్లిలో పట్టుకుందాం," అన్నాడు పెద్దాయన. "ఒకరు ముందు దొరికితే మిగతా ముగ్గురూ తప్పించుకుంటారు."

నేను లేచి నిలబడ్డాను. మా సారు తన మంచినీళ్ల గ్లాసును మెల్లగా నా వైపు జరిపాడు.

"సార్, ఆ నలుగురు మా నాయిన," అన్నాను.

పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. "నలుగురూనా అమ్మా?"

"అవును సార్."

"వాళ్లలో మీ నాన్నగారు ఎవరు?"

"నలుగురు ఆయనే సార్."

నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. పెద్దాయన మాత్రం, "పిలిపించండి, చూద్దాం," అన్నాడు. మా ఇంటికి రెండు జీపులు వెళ్లాయి, రెండు శాఖలవి, రెండు దారుల్లో. ఒక జీపు నాయినను తీసుకొచ్చింది. ఆయన వచ్చేసిన సంగతి ఎవరూ చెప్పక రెండోది సాయంత్రం దాకా మా గుమ్మం ముందు కాపు కాసింది.

ఆఫీసులో హార్మోనియం పాడైంది కాబోలనుకుని నాయిన పనిముట్లతో, ఇంట్లో రిపేరుకు వచ్చిన ఒక హార్మోనియంతో వచ్చాడు. అందరికీ దండం పెట్టి, "పాడైంది ఎక్కడున్నది సార్?" అని అడిగాడు. నన్ను చూసి, నేనెందుకు నిలబడి ఉన్నానో తెలియక నవ్వాడు.

అడవులు చూసేవాళ్లు టేకు ముక్కను చూశారు. రైళ్లు చూసేవాళ్లు పెట్టెను నేల మీద పెట్టించి, మూలుగు విని, అదేనని ఒప్పుకున్నారు. మనుషులను చూసే శాఖ అధికారి వాయించమన్నాడు. నాయిన బల్ల మీద పెట్టుకుని తిత్తి కదిలించి ఒక మెట్టు నొక్కాడు.

"ఏమిటిది?" అన్నాడు ఆ అధికారి.

"స, సార్."

"దేనికి సంకేతం?"

నాయిన వేలు పక్క మెట్టు మీదికి జరిపాడు. "రి వస్తదని, సార్."

ఆ అధికారి అది రాసుకున్నాడు. పెద్దాయన రుమాలుతో మొహం తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. తిరిగి ఇటు చూడడానికి కొంత సమయం పట్టింది.

వెళ్లేముందు నాయినకు అంతా వివరించారు. ఆయన కోప్పడలేదు. "నేను ఒక్కన్నే అని జర రాసియ్యండి సార్," అన్నాడు. పెద్దాయన చెప్పగా నేనే టైపు చేశాను: 'దీనిని చూపు వ్యక్తి ఒక్కరు మాత్రమేనని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' సంతకం, ముద్ర పడ్డాయి. నాయిన దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని జేబులో వేసుకుని తిరిగేవాడు.

ఆ కాగితం చూపించిన మొదటిసారే రఘునాథపల్లి రైలు స్టేషనులో ఆయనను గంటసేపు కూర్చోబెట్టారు. "ఒక్కడివే అని రాయించుకున్నవంటే ఏదో ఉన్నది. మిగిలినోళ్లు ఏడున్నరు?" అని అడిగారట. అప్పటినుంచి ఆయన దాన్ని బయటికి తీయలేదు.

మూడు శాఖలు ఫైళ్లు మూసేశాయి. సారా చూసే శాఖ మూయలేదు. ఆ గుమాస్తాకు ఫైలు మూసే అధికారం లేదు. ఆయన పై అధికారేమో, తాను సమావేశానికి రాలేదు కాబట్టి అక్కడ తేలిన విషయం తమకు అధికారికంగా తెలియదన్నాడు. మేము రాసిన లేఖకు, 'మా వ్యక్తి వేరు' అని జవాబిచ్చాడు. అందువల్ల స్పిరిట్ సీసా మనిషి కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. ప్రతి నెలా నేను 'సదరు వ్యక్తి ఆచూకీ ఇంకనూ తెలియరాలేదు' అని టైపు చేసి ఇంటికి వెళ్తే, సదరు వ్యక్తి పొయ్యి ముందు కూర్చుని పప్పు కలుపుతూ ఉండేవాడు.

"దొరికిండా?" అని అడిగేవాడు.

"ఇంకా లేదు నాయినా."

"పాపం, ఏడ తిరుగుతాండో," అనేవాడు. సగం వేళాకోళానికి అనేవాడు. మిగతా సగం నిజంగానే ఆ మనిషి మీద జాలి పడేవాడనుకుంటాను.

మూడేళ్ల తరవాత ఆయన కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషను చేయించినా హార్మోనియం లోపలి చిన్న చిన్న రీడ్లు కనపడటం లేదని పని మానేశాడు. సైకిలు గోడకు ఆనించి పెట్టేశాడు. పరకాలనుంచి, పాలంపేటనుంచి కొన్నాళ్లు మనుషులు వచ్చి అడిగి వెళ్లేవాళ్లు. వాళ్లు వెళ్లాక ఆయన లేచి వెళ్లి సైకిలు తుడిచేవాడు.

ఆ ఏడాది చివర సారా చూసే శాఖ కవరు వచ్చింది. రెండు సీళ్లూ విప్పి కాగితాన్ని మిషను పక్కన పెట్టుకున్నాను. తమ శాఖ నిరంతర నిఘా ఫలితంగా సదరు వ్యక్తి కార్యకలాపాలు పూర్తిగా నిలిచిపోయాయని, ఇందుకు కృషి చేసిన సిబ్బందిని అభినందించాలని అందులో ఉంది. సారు చదివి నా వైపు చూశాడు. నేను కొత్త కార్బను పెట్టి, మూడు కాపీలు తప్పు లేకుండా టైపు చేశాను.