మడత లేని నవల

ఆ నవల పూర్తి చేసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఫోన్లో ముందే ఆర్డరు పెట్టి, కొరియరు రాగానే పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తి తెచ్చుకున్న పుస్తకం. అట్ట మీద పేరు మా అభిమాన రచయిత్రిదే, ఫొటో కూడా ఆవిడదే. లోపల మాత్రం ఎవరో టీవీ సీరియల్ రాసి పెట్టినట్టుంది. ఏడవాల్సిన చోట ఏడుపు రాలేదు, నవ్వాల్సిన చోట చిరాకొచ్చింది.

‘మా’ అంటే నాకూ, మా తోడికోడలికీ. పెద్దది కాబట్టి అక్కా అంటాను. నూజివీడులో అన్నదమ్ములిద్దరూ కలిసి మామిడికాయల వ్యాపారం చేస్తారు, ఇల్లూ ఒకటే. నేను కాపురానికొచ్చిన కొత్తలో అక్కకీ నాకూ మధ్య ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్న మాట తప్ప మాటల్లేవు. ఒకరోజు ఆవిడ బియ్యం డబ్బా వెనక ఈ రచయిత్రి నవల దాచుకోవడం చూశాను. అంతే, ఇద్దరం కబుర్లలో పడి ఆ పూట పప్పు మాడ్చేశాం. అప్పటినుంచీ ఏ పుస్తకమైనా ఒకటే కొంటాం. ముందు నేను చదువుతాను, తరవాత అక్క. నచ్చిన పేజీ కొస మడవడం ఆవిడ అలవాటు. పుస్తకాన్ని అలా పాడుచేస్తావేంటని నేను ప్రతిసారీ పోట్లాడతాను.

ఈసారి ఎలా ఉందని అక్క ఆశగా అడిగింది. ఆ మొహం చూసి చాలా బాగుందనేశాను. మా ఇంట్లో ఇది కొత్తేం కాదు. సీజన్లో ఏ పండు కోసినా తియ్యగా ఉందనే అనాలి. ఇంట్లోవాళ్లే చప్పగా ఉందంటే బజార్లో ఎవడు కొంటాడని మామగారు పెట్టిన పద్ధతి. మా నాలుకలకి అలవాటైపోయింది.

కొన్నాళ్లకి అక్క పుస్తకం తిరిగిచ్చి, అద్భుతంగా రాసిందంది. రచయిత్రి పోతే పోయింది, ఈ చెత్త నచ్చిన మనిషితోనా నేనిన్నేళ్లూ మనసు విప్పి మాట్లాడింది? దిగులేసింది. అక్కతో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టాను. మళ్లీ ఉప్పు దగ్గరికే వచ్చాం.

ఒక మధ్యాహ్నం పుస్తకాన్ని బీరువాలో పెట్టబోతూ ఎందుకో తిరగేశాను. మొదటినుంచి చివరిదాకా ఒక్క కొస కూడా మడిచి లేదు.

అక్క పెరట్లో ఆవకాయకి కాయలు తుడుస్తోంది. పుస్తకం ఆవిడ ఒళ్లో పడేసి, ఒక్క మడతైనా లేదేంటని అడిగాను. ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది.

“నీకంత నచ్చిందన్నావుగా. బాలేదంటే ఇంక నాతో పుస్తకాల మాటే ఎత్తవేమోనని భయమేసింది. నిజానికి సగం కూడా కాకుండానే నిద్రొచ్చేసింది నాకు.”

నేనూ ఆవిడ పక్కన కూర్చుని, నాకూ నచ్చలేదని చెప్పేశాను. ఆ తరవాత ఇద్దరం కలిసి ఆ నవలని ఉతికి ఆరేశాం. హీరోయిన్ నోరు తెరిస్తే ఉపన్యాసమేనని ఆవిడ, ఆ పిల్ల తండ్రి ఎందుకు చచ్చాడో రాసినావిడకైనా తెలుసా అని నేను. పుస్తకాల్ని పొగిడినప్పుడు ఎన్నడూ మేం ఇంత హాయిగా మాట్లాడుకోలేదు.

మా గోలకి బావగారు బయటికొచ్చి, అయితే ఇక ఆవిడ పుస్తకాలు కొనరన్నమాట అన్నారు.

“ముసునూరు తోట పోయినేడు కాయలేదని మీరు మానేశారా? ఈ ఏడు మళ్లీ కాయ పడకముందే, పూత చూసే తోట కొన్నారుగా,” అంది అక్క.

ఆయన చెప్పులేసుకుని గోడౌన్‌కి వెళ్లిపోయారు.

అక్క పుస్తకం మళ్లీ తెరిచింది. అన్ని మంచి నవలలు రాసిన మనిషి ఇందులో ఒక్క చోటైనా కనబడకపోతుందా అని ఇద్దరం పేజీలు తిప్పాం. చివరికి దొరికింది. బస్సులో ఒక ముసలావిడ, పక్కన కూర్చున్న తెలియని పిల్లకి జడ ఊడిపోతే అడక్కుండానే అల్లేసి, తన స్టాపులో దిగిపోతుంది. అర పేజీ కూడా లేదు. పైకి చదివి, మళ్లీ మొదటినుంచి చదివాను. అది మా రచయిత్రే, సందేహం లేదు.

అక్క ఆ పేజీ కొస పట్టుకుని, పోట్లాడతానేమోనని నా మొహంకేసి చూసింది.

“మడిచెయ్యక్కా,” అన్నాను.