పొయ్యి తలుపుకి నేను బిగించిన అద్దం

ఏళ్ల తరబడి ఒక విషయం గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే మధ్యలో ఆపి "పోనీలేవయ్యా, ఎవరికి జరగదు" అంటారు. ఆ ఓదార్పు నాకొద్దు. పేర్లు కూడా రాయను. మా ఆవిడ, మా అమ్మాయి, నేను. అంతే.

అప్పట్లో ఆస్ట్రేలియాలో, అడిలైడ్ పక్కన కొండల మీద ఉండేవాళ్లం. పాత ఇల్లు. హాల్లో కట్టెలు వేసే ఇనుప హీటర్, మంట కనిపించేలా దాని తలుపుకి అద్దం. ఇల్లు కొన్నప్పటికే ఆ అద్దం బీటవారి ఉంది. చలికాలం ముంచుకొస్తోంది, ఎవరినైనా పిలిచి మార్పిద్దాం అంది మా ఆవిడ. ఇంత దానికి మనిషెందుకు, నేను ఇంజినీర్ని కానా అన్నాను. పైగా ఆ ఆదివారం రెండు కుటుంబాలను భోజనానికి పిలిచి ఉన్నాను, మా హీటర్ చూద్దురుగాని రండి అని గొప్పలు పోయి మరీ.

శనివారం కొత్త అద్దం తెచ్చాను. వేడికి ఇనుము సాగుతుంది, అద్దం కాస్త కదిలే చోటుండాలి, స్క్రూలు మరీ బిగించొద్దు అని షాపతను చెప్పాడు. విన్నాను. తలూపాను. తీరా పెట్టాక తలుపు ఊపి చూస్తే అద్దం గలగలమంది. నాకది నచ్చలేదు. నేను మూత పెట్టిన ఆవకాయ సీసా ఇంకెవరూ తీయలేరని ఇంట్లో వేళాకోళం చేసేవాళ్లు. ఆ చెయ్యే ఇదీ. ఇంకో అర చుట్టు తిప్పాను. ఇంకొంచెం. టిక్ మంది.

కింది మూల, అద్దాన్ని పట్టి ఉంచే క్లిప్పు పక్కన సన్నటి గీత. వెంట్రుకేమో అనుకుని తుడిచాను. పోలేదు. గోటికి తగిలింది. పగిలిందని ఆ క్షణమే నాకు తెలుసు. అప్పుడు తెలియలేదని ఇప్పటికీ నాకు నేను సర్దిచెప్పుకోవాలని చూస్తాను, కుదరదు. అయిందా అని వంటింట్లోంచి మా ఆవిడ అడిగితే ఫస్ట్‌క్లాస్‌గా అయింది అన్నాను. సాయంత్రం చిన్న మంట వేసి చూశాను. నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. పగిలిందని తెలిసీ ఎందుకు ఆపలేదు? ఇంకో అద్దం తేలేకనా? కాదు. అప్పుడే పగలగొట్టేశావా అని ఆవిడ నవ్వుతుందని. సిగ్గులేకపోతే సరి, ఒక్క నవ్వుకి భయపడ్డాను.

మరునాడు భోజనాలయ్యాక అందరం హీటర్ చుట్టూ చేరాం. నేను లావుపాటి దుంగ ఒకటి లోపల పడేశాను. తలుపు వేయడం మా అమ్మాయి పని. అప్పుడు తనకి ఏడేళ్లు. పిడి పట్టుకుని మెల్లగా నెట్టాలి, ఆ తర్వాత కిందికి తిప్పాలి అని నేనే నేర్పాను. అలాగే వేసింది. నేను చూశాను. మంట పుంజుకుంది. కాసేపటికి అద్దం భళ్లున పగిలి, దుంగా నిప్పులూ బయటికి దొర్లాయి. మా ఆవిడ ముందుకు దూకి పిల్లని అవతలికి నెట్టేసింది. నిప్పులు ఆవిడ చేతి మీద పడ్డాయి. వేసుకున్న నైలాన్ స్వెటర్ కరిగి చర్మానికి అంటుకుపోయింది. ఆ అరుపు గురించి నేను రాయలేను.

అంబులెన్స్ కోసం చూస్తుండగా, అసలు ఎలా పగిలిందిరా అని స్నేహితుడు అడిగాడు. అందరూ నా వైపు చూశారు. నేను మా అమ్మాయి వైపు తిరిగాను.

"తలుపు గట్టిగా వేశావా?"

"నో నాన్నా. ఐ క్లోజ్డ్ ఇట్ ప్రాపర్లీ. నువ్వు చూపించినట్టే."

"మరెలా పగిలింది? గట్టిగానే వేసుంటావు."

తను నా మొహంలోకి చూసింది. "మేబీ ఐ డిడ్," అంది.

తన చేతులు చేసిన పని తనకి తెలుసు. అయినా నాన్న చెప్పాడు కాబట్టి నాన్నే కరెక్టు అనుకుంది. ఏడేళ్ల పిల్ల ఇంకేం అనుకుంటుంది?

ఆస్పత్రి నుంచి వచ్చి గాజుముక్కలు ఊడ్చాను. మూల ముక్క ఇంకా క్లిప్పు కిందే ఉంది. విరిగిన అంచు మసిబారి ఉంది. అప్పటికప్పుడు విరిగిన అంచుకి మసి ఎక్కడిది? అది ముందు రోజు మంటకి పట్టిన మసి. ఎవరు చూసినా పట్టేసేవాళ్లు. పేపర్లో చుట్టి చెత్తడబ్బాలో అడుగున పెట్టాను. పిల్లతో అన్న మాట కంగారులో నోరు జారిందనుకున్నా, ఈ పని మాత్రం తాపీగా, తెలిసే చేశాను.

మా ఆవిడ తొడ నుంచి చర్మం తీసి చేతికి అతికించారు. ఎండలు మండిపోతున్నా ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటుంది. పిల్లని ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నేనూ అనలేదు. ఏమని అంటాను? హీటర్ పీకించేశాం. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో తలుపు చప్పుడు లేదు. తను ఏ తలుపైనా రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి వేస్తుంది. కారు తలుపు సరిగ్గా పడదు, నేను దిగి మళ్లీ వేస్తాను. ఇప్పుడు మాసన్ లేక్స్ అనే పేటలో, చదివే యూనివర్సిటీకి దగ్గరగా స్నేహితులతో ఉంటోంది. ఎప్పుడొస్తుందో ఎప్పుడెళ్తుందో తెలియదని వాళ్లు తనని దెయ్యం అని ఏడిపిస్తారట. నవ్వుతూ చెప్పింది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

పోయిన నెల తనకి ఇరవై ఒకటి నిండాయి. ఆ పుట్టినరోజు ఇక్కడ ఘనంగా చేస్తారు, స్పీచ్‌లు ఇస్తారు. తనూ మైకు పట్టుకుంది. చిన్నప్పుడు తన వల్ల అమ్మ చెయ్యి కాలిందని, నాన్న ఆనాటి నుంచి ఈనాటి దాకా గొంతు పెంచలేదని, క్షమించడం అంటే ఏంటో నాన్నని చూసి నేర్చుకున్నానని, అంతా ఇంగ్లీషులో చెప్పింది. హాలంతా చప్పట్లు. ఎవరో నా భుజం తట్టారు. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను లేచి వెళ్లి మా అమ్మాయిని దగ్గరికి తీసుకున్నాను.

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు పెగల్లేదు. కాదు, ఇదీ అబద్ధమే. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి.

నువ్వు తలుపు గట్టిగా వేయలేదమ్మా. నేను నేర్పినట్టే వేశావు. అద్దం నేనే పగలగొట్టాను, ముందు రోజే.

రాసేశాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది. మా అమ్మాయికి తెలుగు వింటే అర్థమవుతుంది. చదవడం రాదు. ఆ సంగతి తెలిసే తెలుగులో రాశాను.