ఇనుపచెట్టును తట్టి చూసే ఎర్లిందా

ఎర్లిందాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. సొనోరా ఎడారిని దాటి మరెక్కడా పెరగని ఇనుపచెట్టు కోసం, తెల్లవారగానే గొడ్డలి భుజాన వేసుకుని బయలుదేరుతుంది. మోడు కనబడితే గొడ్డలి వెనకవైపుతో తట్టి, చెవి ఆనించి వింటుంది. ఖంగున మోగితేనే అది చచ్చిన చెట్టు. చచ్చిన కర్రతోనే తాబేలు బొమ్మలు చెక్కాలని, ప్రాణమున్న చెట్టును ముట్టరాదని ఆమె తెగవాళ్ల కట్టుబాటు. బయటివాళ్లు బొగ్గుల కోసం లారీలకెత్తుకుపోయాక ఆ కర్రా కరువైంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె చేతులు పనిలేని ఆకురాయిని తిప్పుతూనే ఉంటాయి.

ఈ ఏడు చినుకు రాలలేదు. వాగు ఒడ్డున ఆకన్నది లేని పెద్ద చెట్టొకటి కనబడగానే, అందులో దాగిన తాబేలు వీపు ఆమె కళ్లకు కట్టింది. తట్టి వినకుండానే ఒక్క వేటు వేసింది. బెరడు కింద పచ్చి తడి మెరిసింది.

"ఇంకేం చూస్తావు వదినా, కానిచ్చెయ్యి! నువ్వు వదిలితే బొగ్గులవాళ్లు వదుల్తారా?" అంది వెంట వచ్చిన ఆడపడుచు నీవెస్.

"నోర్ముయ్యవే! దాహానికి ఆకులు రాల్చుకుంది, అంతే. ఆ నీళ్లసీసా ఇటివ్వు."

"మన గొంతు తడుపుకోడానికే లేవు, పిచ్చా నీకు?"

ఎర్లిందా ఆ నీళ్లతో మట్టి తడిపి, గాటు నిండేదాకా మెత్తింది. తరువాత గొడ్డలి తీసి నీవెస్ చేతిలో పెట్టింది.

"ఇకమీదట ఇది నువ్వే మొయ్యి. నా చేతులు నా మాట వినడం మానేశాయి."

ఆ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఎర్లిందా ఎండలో ముందుగా నడిచింది.