మేడం రద్దు చేసిన పురుగు

మా జువాలజీ మేడం పోయారని వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. "అక్క పొద్దుగాల్నే పోయింది తమ్ముడూ. మూడింటికి సమాధుల తోటకు తీస్కపోతున్నం. వస్తవా, రావా?" అంది. ఆ 'రావా' అనడంలో తప్పేం లేదు. ఏడేళ్లుగా నేను ఆ ఇంటి గడప తొక్కలేదు.

వెళ్లాను. పాస్టరుగారు ఆమె భక్తి గురించి చెప్పారు. కాలేజీ నుంచి వచ్చినాయన ఆమె సమయపాలన గురించి చెప్పాడు. పురుగుల మాట ఒక్కరూ ఎత్తలేదు. మైకు దొరికితే వదలనివాణ్ణి, నేనూ ఎత్తలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నీటి మీద మునక్కుండా పరుగులు తీసే సన్నకాళ్ల పురుగుల్ని మీరు చూసే ఉంటారు. వాటిలో ఏది ఏ జాతిదో తేల్చడం మేడం పని. దానికెవరూ జీతం ఇవ్వలేదు. జీతం డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పినందుకే. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. గోడ పొడవునా హోమియో మందుల ఖాళీ సీసాలు, వాటిలో స్పిరిట్, స్పిరిట్‌లో పురుగులు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారో ప్రతి సీసాలో చిన్న చీటీ. పెన్సిల్‌తోనే రాయాలి, సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది. నేను ఆమె స్టూడెంటుగా ఉన్నప్పుడు పేరు చెప్పడానికి తొందరపడేవాణ్ణి. "ముందుగాల కాళ్లు కొలువు బిడ్డా, పేరు యాడికి పోదు" అనేవారు.

అంత నిదానస్తురాలూ ఒక్కసారి తొందరపడ్డారు. తొంభైల మొదట్లో, ఆబిడ్స్ వెనక ఒక పాత ఇంటి బావిలో రెక్కలున్న పురుగులు కొన్ని పట్టి, ఆ రెక్కల్ని చూసి ఇది కొత్త జాతి అని ఒక చిన్న సైన్సు పత్రికలో ప్రకటించారు. దొరికినవన్నీ ఆడవే. ఈ పురుగుల్లో మగదాని పొట్ట చివరి భాగం చూడందే జాతిని గట్టిగా చెప్పలేం. అది ఆమెకు తెలియక కాదు.

తర్వాత గన్‌ఫౌండ్రీలో జరిగిన సదస్సులో మేడం ఆ పురుగు గురించి మాట్లాడారు, నేను వెనక వరసలో ఉన్నాను. వేదిక మీద ఒక పెద్దమనిషి చిరునవ్వుతో, "మిషన్ స్కూలు చదువా అమ్మా? అక్కడ పాటలే అనుకున్నాను, పురుగులు కూడా నేర్పుతారా?" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఏ వాడ నుంచి వచ్చిన మనిషిని చూసి నవ్వారో ఈ దేశంలో ఎవరికైనా విడమరిచి చెప్పాలా? నవ్వులు ఆగాక ఆయనే, "మగది లేకుండా కొత్త జాతి ఎట్లా అంటారు?" అని అడిగాడు. నాకు నవ్వు మాత్రమే వినబడింది.

ఆ వారమే 'పురుగుకు కులం అంటగట్టిన పెద్దలు' అని వ్యాసం రాశాను. పేరొచ్చింది. మా సంఘం మీటింగుల్లో ఆ పురుగు నా జెండా అయింది.

కొన్నేళ్లకు ఒక సాయంత్రం మేడం నన్ను పిలిపించారు. ప్లాస్టిక్ టబ్బులో మామూలు జాతి పురుగుల్ని, రెక్కల్లేని జంటని, చీమలు వేసి పెంచుతున్నారు. మైక్రోస్కోపు నా వైపు తిప్పారు.

"జూడు. తల్లికి రెక్కల్లేవు. పిల్లల్ల కొన్నిటికి వచ్చినయ్. నేను కొత్తదన్నది గిదే."

"ఎవరికి తెలుసు మేడం? టబ్బు కడిగేయండి." అవును, ఆ మాట నేనే అన్నాను.

"నాకు తెలుసు గదా."

"వాళ్ల చేతికి కర్ర మీరే ఇస్తున్నారు. మళ్లీ నవ్వుతారు."

"నవ్వనీ. ఆయన నన్ను అన్నది తప్పు. పురుగు గురించి అన్నది కరెక్టు. రెండు వేరే వేరే సీసాలు బిడ్డా. నువ్వు ఒక్కదాంట్ల పోసి మూత పెట్టినవ్." టబ్బులో ఇంకో చీమను వేసి, "నా పేపర్ నేను వాపస్ తీస్కుంటున్న. నీ వ్యాసం గూడ జర సరిచేస్తవా?" అన్నారు.

"చెయ్యను."

"ఏంది, మీ లీడర్లకు తప్పులే రావా?" అని నవ్వారు.

చెయ్యలేదు. మనవైపు ఒక్క తప్పు దొరికితే చాలు, వాళ్ల వంద తప్పులు మాఫీ అయిపోతాయన్నది నా వాదన. ఆ వాదన ఇప్పటికీ పూర్తిగా వదులుకోలేదు. కానీ అవమానపడ్డ మనిషే భయపడలేదు, భయపడింది నేను. ఆ వ్యాసం నా సంపుటిలో రెండుసార్లు అచ్చయింది. రెండుసార్లూ ప్రూఫులు నా చేతిలోంచే వెళ్లాయి. ఆమె మొహం చూడలేక ఆ ఇంటికి వెళ్లడం మానేశాను.

ఇప్పుడు రాస్తున్నాను, చదువుకోవడానికి ఆమె లేకపోయినా. ఆ బావిలో కొత్త జాతి లేదు. ఆ హాల్లో నవ్విన నవ్వు మాత్రం నిజం. పురుగు విషయంలో నా వ్యాసం తప్పు, ఆ మేరకు వెనక్కి తీసుకుంటున్నాను. నవ్వినవాళ్ల సంగతి వాళ్లే చూసుకోవాలి. ఇంకో వ్యాసం రాసే ఓపిక నాకు లేదు.

జాతిని రద్దు చేస్తూ రాసిన ఉత్తరాన్ని ఆమె ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వేసిన రోజు నేనూ వెంట ఉన్నాను. దారంతా వాదిస్తూనే వెళ్లాను. డబ్బాలో కవరు పడ్డాక, "అయిపాయె, పా" అంటూ పబ్లిక్ గార్డెన్‌కు తీసుకెళ్లారు. కొలను దగ్గర నేను కోపంగా రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. ఆమె ఎంతకీ రాకపోతే వెనక్కి చూశాను. చెప్పులు విడిచి, గట్టు మీద కూర్చుని, నీళ్ల మీదికి వంగి ఉన్నారు. అక్కడ నీళ్లు లోతు లేవు. పురుగు సరిగ్గా కనబడటం లేదు గానీ, దాని కాళ్ల కింద పడ్డ గుండ్రటి నీడలు అడుగున ఇసుక మీద ఉరుకుతున్నాయి. వాటి వెంట ఆమె వేలు, నీటికి తగలకుండా, అటూ ఇటూ కదులుతోంది.