రజని నాయన పేరు

ప్రొద్దుటూరు బస్టాండు పక్క సందులో ఖమర్‌బీకి ఒక చిన్న కొట్టు ఉంది. కువైట్ పోయే వాళ్ళు ఊరగాయ జాడీలు, కారం పొట్లాలు, వేరుశెనగ ఉండలు తెచ్చి ఆమె ముందు పెడతారు. ఆమె వాటిని అట్టపెట్టెలో సర్ది, తాడు బిగించి, పైన లావుపాటి అక్షరాలతో పేరూ ఊరూ రాస్తుంది. నోరు మాత్రం మహా గట్టిది. బరువెక్కువైనా ఇంకో జాడీ ఇరికించమని బతిమాలిన వాణ్ణి, "విమానం మీ మామదా?" అని కడిగి పారేస్తుంది. అయినా జమ్మలమడుగు వాళ్ళూ, పులివెందుల వాళ్ళూ కూడా వెతుక్కుంటూ ఆమె దగ్గరికే వస్తారు.

ఎందుకంటే, ఆమె భర్త నబీ రసూల్ కువైట్‌లోనే కాలం చేశాడు. ఆయన శవపేటిక తెప్పించుకోవడానికి ఆమె తిరగని ఆఫీసు లేదు, తిట్టని గుమాస్తా లేడు. అప్పటినుంచి ఎవరింట్లో అలాంటి కబురు వచ్చినా కొట్టు మూసేసి వాళ్ళ వెంట పోతుంది. పిలవని పేరంటం ఎందుకని ఎవరైనా అంటే, "పిలిచేదాంక ఉంటే అదేం సాయం?" అంటుంది.

నిరుడు గల్ఫ్ నుంచి వస్తున్న విమానమొకటి నగరంలో దిగబోతూ కూలిపోయింది. జమ్మలమడుగు నూరున్నీసా కొడుకు అన్సర్ అందులో ఉన్నాడు. ఖమర్‌బీ ఆ తల్లిని పొదివి పట్టుకుని నగరానికి తీసుకుపోయింది.

విమాన కంపెనీ వాళ్ళు బంధువుల కోసం ఒక హోటల్లో రెండు హాళ్ళు తీసుకున్నారు. పేర్లు చూసి ముస్లింలను ఒక హాల్లో, తక్కిన వాళ్ళను ఇంకో హాల్లో కూర్చోబెట్టారు. నమాజుకూ భోజనాలకూ వీలుగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు. మన సీమలో పేర్లు పెట్టుకునే తీరు వాళ్ళకేం తెలుసు?

అన్సర్‌ను గుర్తుపట్టారు. కాగితాల కోసం వీళ్ళు ఎదురుచూస్తుండగా ఆ హాలు మైకులో పిలుపు వినిపించింది. "దస్తగిరి తాలూకు ఎవరైనా ఉన్నారా?" ఎవరూ పలకలేదు. పొద్దుటినుంచీ పిలుస్తూనే ఉన్నారట. సగం కాలిన పాస్‌పోర్టులో ఆ పేరొక్కటే మిగిలింది. టికెట్టు మీదున్న నంబరు ఎవరో ఏజెంటుది, అది మోగదు. ఎవరూ రాకపోతే మధ్యాహ్నం నమాజు కాగానే ఇక్కడి ఖబరస్తాన్‌లోనే మట్టి చేస్తామని చెప్పారు.

ఖమర్‌బీ దిగ్గున లేచింది. లింగాల దస్తగిరికి ఆమే పెట్టె కట్టింది. గొర్రెలు కాసే ఇంటివాడు. నుదుట గండి ఆంజనేయస్వామి సిందూరం పెట్టుకుని వచ్చి, పెట్టెలో కంబళి కూడా పట్టించమని గొడవ చేశాడు. వాళ్ళమ్మ పిల్లల కోసం దర్గాలో మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. మన జిల్లాలో గుడికి పోయే దస్తగిరులు ఎంతమంది లేరు!

రెండో హాలు గుమ్మంలో నిలబడి కేకేసింది. "లింగాలోళ్ళు ఎవరన్నా ఉండారా?"

మూలన గోడకానుకుని కూర్చున్న ఒకామె చెయ్యెత్తింది. పేరు అక్కమ్మ. ఊరివాళ్ళెవరూ వెంట లేరు. మొగుడి అన్న తిరుపాలు మంచాన పడిన తల్లిని వదిలి రాలేక ఆగిపోయాడు.

"నీ మొగుడు దస్తగిరేనా?"

అక్కమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తలూపింది.

"మరి వీళ్ళకు చెప్పలేదా?"

"చెప్పినా కదక్కా. మా రజని నాయన అని చెప్పినా. యాడ ఎతికినా లేదంటాండారు."

ఖమర్‌బీకి అంతా అర్థమైంది. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని, అక్కమ్మ పెళ్ళైన నాటినుంచి ఆ పేరు పలకలేదు. పేర్లు రాసుకునే బల్ల దగ్గరి అమ్మాయి పాపం రజని పేరే వెతికింది.

అక్కమ్మను చెయ్యి పట్టుకుని కంపెనీ ఆఫీసరు ముందుకు లాక్కుపోయింది. "సార్, దస్తగిరి పెండ్లాం ఈమె. మట్టి ఆపండి."

ఆఫీసరు ఖమర్‌బీ బురఖానూ, అక్కమ్మ బొట్టునూ మార్చి మార్చి చూశాడు. "మీరేమవుతారు ఆయనకు?"

"పెట్టె కట్టినా."

"అట్లా కుదరదమ్మా. ఒకరి మనిషిని ఇంకొకరికి ఇచ్చానంటే ఆ పాపం నాది. ఆమెనే చెప్పమనండి. ఆధార్ ఏదీ?"

ఆధార్ ఇంట్లోనే ఉండిపోయింది. అక్కమ్మ ఖమర్‌బీ వైపు తిరిగింది. కిటికీ అవతల శవాల బండి స్టార్టయింది.

"నాతో కాదక్కా. ఆయప్పకు ఏమన్నా అయితే?"

ఖమర్‌బీ కసురుకోలేదు. ఆమె రెండు చెంపలూ పట్టుకుంది. "నేనూ పలికినదాన్ని కాదమ్మా, నా మొగుడు పెట్టెలో వచ్చేదాంక. ఆయుష్షు ఆ మనిషే తీసకపోయినాడు. నీకు మిగిలింది పేరొకటే. దాన్ని గూడా ఈడ ఇడిసిపెట్టి పోతావా?"

అక్కమ్మ కొంగు తీసేసింది. మంద అవతల ఉన్న మనిషిని పిలిచినట్టు గొంతెత్తింది.

"దస్తగిరీ! నా మొగుడు దస్తగిరి! మాది లింగాల! నా మొగుణ్ణి నాకియ్యండి!"

రెండు హాళ్ళూ లేచి నిలబడ్డాయి. కొడుకును పోగొట్టుకున్న నూరున్నీసా కూడా వచ్చి అక్కమ్మ భుజం పట్టుకుంది. ఆఫీసరు పరుగెత్తుకెళ్ళి గేటు దగ్గర బండిని ఆపించాడు. ఆ సాయంత్రమే ఖమర్‌బీ పోట్లాడి రెండు హాళ్ళ మధ్య తలుపు తీయించింది. ఇక నుంచి పేరుతో పాటు ఊరూ, బిడ్డల పేర్లూ అడగాలని ఆఫీసరును ఒప్పించింది.

కడపలో తిరుపాలు ఇచ్చిన రక్తంతో డీఎన్ఏ పరీక్ష సరిపోయి, శవం దస్తగిరిదేనని తేలింది. జమ్మలమడుగులో అన్సర్ మట్టి అయ్యాక, దస్తగిరి శవంతో అక్కమ్మ వస్తోందని తెలిసి ఖమర్‌బీ పులివెందులలో ఎదురెళ్ళి లింగాల దాకా వెంట వచ్చింది.

కోడలు నలుగురిలో మొగుడి పేరు పెట్టి అరిచిందన్న సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. ముసలి అత్త ఏమంటుందోనని ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. తిరుపాలు పట్టుకోగా ఆమె వాకిట్లోకి వచ్చింది. అక్కమ్మ తల వంచుకుంది.

"ఆ పేరు పెట్టింది నేనే," అంది ముసలామె. "ఆడ ఎట్ల పిలిచినావో ఈడ గూడా పిలువమ్మా. నా కొడుకు ఇల్లు చేరినాడని అందరూ ఇనాల."

అక్కమ్మ తలెత్తి, ఊరంతా వినేలా మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది.